మణుగూరు వేడినీటితో కరెంటు: జియోథర్మల్ అంటే ఏంటి? మన బిల్లు తగ్గుతుందా?

బొగ్గు కోసం బోరు వేస్తే వేడినీళ్లు తన్నుకొచ్చాయి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర పగిడేరులో జరిగిన సంగతి ఇది. మోటారు లేకుండానే పైకి ఉబికి వచ్చే ఆ నీటితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. 20 కిలోవాట్లంటే ఎంత? మీ అపార్ట్‌మెంట్‌లో పది, పన్నెండు ఏసీలు ఒకేసారి ఆన్ చేస్తే అయిపోతుంది. అయినా చెప్పుకోవడానికి కారణం ఉంది. సోలార్ కరెంటు పొద్దుగూకగానే ఆగిపోతుంది. మన ఇళ్లలో వాడకం పెరిగేది సరిగ్గా అప్పుడే. భూమి వేడికి మాత్రం రాత్రీపగలూ తేడా లేదు.

ఆ వేడి ఎక్కడిది?

భూమి పుట్టినప్పటి నుంచి లోపల మిగిలి ఉన్న వేడి కొంత. రాళ్లలోని యురేనియం, థోరియం వంటివి నెమ్మదిగా క్షీణిస్తూ పుట్టించే వేడి ఇంకొంత. మామూలు చోట్ల కిలోమీటరు లోతుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. అగ్నిపర్వతాలున్న దేశాల్లో తక్కువ లోతులోనే ఎక్కువ వేడి దొరుకుతుంది. అందుకే ఐస్‌ల్యాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ ఇందులో ముందున్నాయి. గోదావరి లోయలో అగ్నిపర్వతాలు లేవు. ఇక్కడ నీరు నేల పగుళ్ల గుండా లోతుకు దిగి, వేడెక్కి తిరిగి పైకి వస్తోంది.

కరెంటు ఎలా తీస్తారు?

నేలలోంచి నేరుగా ఆవిరి వస్తే దాంతోనే టర్బైన్ తిప్పేస్తారు. ఇటలీలోని లార్డెరెల్లోలో 1904లో నేల ఆవిరితోనే తొలిసారి బల్బులు వెలిగించారు. బాగా వేడిగా ఉన్న నీరు వస్తే, పీడనం ఒక్కసారిగా తగ్గించి కొంత నీటిని ఆవిరిగా మారుస్తారు. మణుగూరు నీటికి అంత వేడి లేదు. కాబట్టి ఆ వేడిని తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే మరో ద్రవానికి అందిస్తారు. దాని ఆవిరి టర్బైన్‌ను తిప్పి, చల్లబడి, మళ్లీ ద్రవమై తిరిగొస్తుంది. నీరు, ఆ ద్రవం ఎక్కడా కలవవు. బొగ్గు తవ్వే పని లేదు, బూడిద లేదు, పొగ దాదాపు లేదు. ప్లాంటుకు స్థలం కూడా కొంచెమే చాలు.

మరి చిక్కెక్కడ?

బోరు దగ్గరే. పొలంలో బోరు వేయించిన వాళ్లెవరికైనా ఇది తెలిసిన భయమే: నీళ్లు పడతాయో లేదో తెలియకముందే డబ్బు పెట్టేయాలి. ఇక్కడ లోతు కిలోమీటర్లలో ఉంటుంది, ఖర్చు కోట్లలో. వేడి దొరికినా నీరు చాలకపోవచ్చు. నీరు దొరికినా అందులోని ఖనిజాలు పైపుల్లో గట్టిగా పేరుకుపోతాయి, మన గీజర్‌లో ఉప్పునీటి పొర కట్టినట్టు. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునూ పట్టి శుభ్రం చేయాలి.

లదాఖ్‌లోని పూగా లోయనే చూడండి. దేశంలో అందరూ ఆశపెట్టుకున్న చోటు అదే. 1970లలోనే అక్కడ బోర్లు వేసి చూశారు. ఓఎన్‌జీసీ 2021లో ఒప్పందం చేసుకుని, 1 మెగావాట్ ప్లాంటుతో మొదలుపెడతామంది. 2022లో తవ్వుతుండగా లోపలి వేడి ద్రవం పైకి చిమ్మి వాగులో కలిసింది. పని ఆపాల్సి వచ్చింది.

ఇంకా పెద్ద దెబ్బ దక్షిణ కొరియాలో తగిలింది. పొహాంగ్‌లో లోతైన రాళ్లలోకి ఒత్తిడితో నీరు ఎక్కించారు. 2017 నవంబరులో అక్కడ 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ ప్రాజెక్టే దానికి కారణమని ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం తేల్చింది. ప్రతి ప్లాంటుకూ ఈ ముప్పు ఉందని కాదు. నేల పగుళ్ల తీరు ముందే చదవకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఇది.

తీసిన నీటిని తిరిగి నేలలోకి పంపకపోతే వనరు కూడా తరిగిపోతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ‘ది గీజర్స్’ అనే చోట 1980ల చివరికి ఆవిరి తగ్గడం మొదలైంది. అప్పుడు పక్క ఊళ్ల మురుగునీటిని శుద్ధి చేసి, పైపుల్లో తెచ్చి భూమిలోకి పంపడం మొదలుపెట్టారు. 1997లో లేక్ కౌంటీ నీరు, 2003లో శాంటా రోసా నీరు వచ్చాయి. మురుగు సమస్య, కరెంటు సమస్య ఒకే పైపుతో తీరాయి.

ఇక మీ బిల్లు సంగతి. ఇప్పట్లో దీనివల్ల తగ్గేదేమీ లేదు. మన దేశంలో 10,600 మెగావాట్లకు అవకాశముందన్నది అంచనా మాత్రమే. కేంద్రం 2025 సెప్టెంబరులో తొలి జాతీయ జియోథర్మల్ విధానం ప్రకటించింది. పనిచేయని చమురు బావులను వాడుకునే ఆలోచన కూడా అందులో ఉంది.

నిజానికి మణుగూరు లాంటి చోట కరెంటు కన్నా వేడే పనికొస్తుందేమో. ఇంత తక్కువ ఉష్ణోగ్రత దగ్గర లోపలి వేడిలో పదో వంతు కూడా కరెంటుగా మారదు. ఐస్‌ల్యాండ్‌లో పదిలో తొమ్మిది ఇళ్లు ఈ వేడినీటితోనే వెచ్చబడతాయి. ఇళ్లు వేడి చేసుకునే అవసరం మనకు లేదు కానీ, వాళ్లు అదే వేడితో చేపల తలకాయలు ఎండబెట్టి నైజీరియాకు అమ్ముకుంటున్నారు. కల్లంలో మిర్చి ఉండగా మబ్బు పడితే కంగారు పడే ఖమ్మం వైపు రైతులకు ఆ రెండో పని ఉపయోగపడొచ్చు.