పొద్దున్నే పట్టిన మొదటి గిన్నె నీళ్ళు

మా వాడు పుట్టింది 2003 ఆగస్టులో. పురిటికని మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉంది. అప్పట్లో నేను వాషింగ్టన్ డీసీలో ఒక ప్రాజెక్టు మీద ఉండేవాణ్ణి. మెట్రో స్టేషన్ దగ్గర, అద్దె కూడా తక్కువ అని ఒక పాత ఇటుకల ఇంట్లో పైవాటా తీసుకున్నాం. ఆ ఇంటికి తొంభై ఏళ్ళు ఉంటాయని ఇంటాయన గొప్పగా చెప్పాడు. నేనూ గొప్పగానే విన్నాను.

అమ్మకి తెల్లవారుజామున అయిదింటికే మెలకువ. లేవగానే వంటింటి కొళాయి తిప్పి పెద్ద గిన్నెడు నీళ్ళు పట్టి, స్టవ్ మీద పెట్టి బాగా తెర్లేదాకా కాచేది. రోజంతా అవే నీళ్ళు, మేం తాగడానికీ, పిల్లాడికి డబ్బాపాలు కలపడానికీ. "ఇక్కడి నీళ్ళు శుభ్రంగా ఉంటాయమ్మా, కాచక్కర్లేదు" అని నేనంటే "నీకేం తెలుసురా, పసిగుడ్డు తాగే నీళ్ళు" అనేది. ఊళ్ళో మమ్మల్నందరినీ కాచిన నీళ్ళతోనే పెంచిన మనిషి. ఆవిడతో వాదించడానికి నేనెవణ్ణి?

2004 జనవరి 31, శనివారం. కాఫీ తాగుతూ వాషింగ్టన్ పోస్ట్ తిరగేస్తే ఓ వార్త. అంతకుముందు ఏడాది డీసీలో 6,118 ఇళ్ళ కొళాయి నీళ్ళు పరీక్ష చేస్తే, 4,075 ఇళ్ళలో సీసం పరిమితికి మించి ఉందిట. పరిమితి 15 పీపీబీ, అంటే వంద కోట్ల పాళ్ళలో 15 పాళ్ళు. 157 ఇళ్ళలో అయితే 300 కూడా దాటింది. కాఫీ కప్పు పక్కన పెట్టేశాను. ఆ కాఫీ కూడా అవే నీళ్ళతో పెట్టింది మరి.

అప్పట్నుంచీ ఈ విషయం మీద ఏం కనపడినా చదువుతూనే ఉన్నాను. నేను తెలుసుకున్నదంతా ఒకచోట రాయాలని ఎప్పట్నించో అనుకుంటున్నాను. ఇన్నేళ్ళకి కుదిరింది.

ముందు సీసం సంగతి. మెత్తటి లోహం, వంచితే వంగుతుంది, చాలాకాలం మన్నుతుంది. ప్లంబర్ అన్న మాటే సీసానికి లాటిన్ పేరయిన 'ప్లంబమ్' నుంచి వచ్చింది. అమెరికాలో తాగునీటికి కొత్తగా సీసం గొట్టాలు వెయ్యకూడదని చట్టం చేసింది 1986లో. కానీ అంతకుముందు వేసినవి భూమిలోనే ఉండిపోయాయి. డీసీలో వీధిలోని మెయిన్ నుంచి ఇంటి లోపలికి వచ్చే సీసం గొట్టాలు ఇరవై మూడు వేల దాకా ఉండేవి. మరి ఇన్నేళ్ళూ జనం ఎలా బతికారంటారా? గొట్టం లోపలి గోడకి కాలక్రమేణా ఒక పొర పట్టుకుంటుంది. నీళ్ళకీ సీసానికీ మధ్య అదే అడ్డుగోడ.

డీసీ నీళ్ళు పొటోమాక్ నది నుంచి వస్తాయి. శుద్ధి చేసేది సైన్యానికి చెందిన ఇంజనీర్ల విభాగం, అప్పట్లో ఊళ్ళో పంచేది వాసా అనే సంస్థ, ఇద్దరి మీదా పర్యవేక్షణ కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏది. క్రిములు చావడానికి క్లోరిన్ కలిపేవాళ్ళు. ఆ క్లోరిన్ నదినీళ్ళలోని ఆకూ అలములతో కలిసి కొన్ని చెడ్డ రసాయనాలు తయారుచేస్తుంది, వాటివల్ల కేన్సర్ రావచ్చన్న అనుమానంతో 1998లో ఈపీఏ నిబంధనలు బిగించింది. దాంతో 2000 నవంబరులో డీసీ నీళ్ళలో క్లోరిన్ బదులు క్లోరమీన్ వాడటం మొదలుపెట్టారు. క్లోరిన్‌కి కాస్త అమ్మోనియా చేరిస్తే వచ్చేదే క్లోరమీన్. చెడ్డ రసాయనాలు తగ్గాయి. అందరూ సంతోషించారు.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈపాటికే అర్థమయిపోయి ఉంటుంది. ఒక బగ్ సరిచేశారు, అది పోయింది. ఇంకెక్కడో ఏదో విరిగింది, అక్కడ టెస్ట్ చేసినవాడు లేడు. ఇన్నేళ్ళూ బలమైన క్లోరిన్ ఉండబట్టే గొట్టం లోపల సీసం డయాక్సైడ్ పొర గట్టిగా నిలబడింది. క్లోరమీన్‌కి అంత బలం లేదు. పొర మెల్లగా కరిగి నీళ్ళలోకి దిగడం మొదలుపెట్టింది. ఈ రసాయనమంతా తేలింది తరవాత. మార్చేరోజున ఎవరికీ తట్టలేదు.

తట్టకపోతే పరీక్షల్లో బయటపడాలి కదా? పడింది కూడా. 1991 నాటి సీసం, రాగి నిబంధన ప్రకారం ఏ నగరమైనా కొన్ని ఇళ్ళు ఎంచుకుని, కనీసం ఆరు గంటలు వాడకుండా ఉన్న కొళాయి నుంచి మొదటి లీటరు పట్టి పరీక్ష చేయించాలి. ఫలితాలు వరసగా పేర్చి, నూటికి తొంభయ్యో స్థానంలో ఉన్న అంకె చూడాలి. అది 15 దాటకూడదు. 2001 జులై నుంచి 2002 జూన్ వరకు తీసిన డీసీ నమూనాల్లో ఆ అంకె 75. ఎక్కడి పదిహేను, ఎక్కడి డెబ్భై అయిదు!

ఈ సంగతి ఈపీఏకి తెలియజేసిన నీటి నాణ్యత మేనేజరు సీమా భట్. మన దేశపు పేరే. ఆవిణ్ణి 2003లో ఉద్యోగంలోంచి తీసేశారు. ఆవిడ ఫిర్యాదు చేస్తే, తీసెయ్యడం తప్పని కార్మికశాఖ విచారణలో తేలింది. జనానికి మాత్రం కరపత్రాలు వెళ్ళాయి. ఎలాంటివంటే, చదివినవాడికి ప్రమాదం ఉందన్న సంగతే తట్టనివి. హెచ్చరిక ఉండాల్సిన తీరులో లేదని ఈపీఏయే తరవాత తప్పుపట్టింది.

మరయితే 2003లో ఆరువేల ఇళ్ళు ఎందుకు పరీక్ష చేశారు? ఇది వినండి. అప్పటి నిబంధన ప్రకారం పరిమితి దాటిన నగరం ఏటా నూటికి ఏడు చొప్పున సీసం గొట్టాలు మార్చాల్సి ఉండేది. అయితే ఆ నిబంధనలో ఒక వెసులుబాటు ఉండేది. ఏదైనా గొట్టం నీళ్ళు పరీక్షిస్తే 15 లోపు వచ్చిందనుకోండి, ఆ గొట్టాన్ని మార్చినట్టే లెక్క! తవ్వడం కంటే సీసా పంపడం చవక కదా. ఎక్కువ ఇళ్ళు పరీక్షిస్తే ఎక్కువ గొట్టాలు పాసవుతాయి, తవ్వే పని తగ్గుతుంది అనుకున్నారు. తీరా చూస్తే మూడింట రెండు వంతులు ఫెయిలయ్యాయి. ఖర్చు తప్పించుకుందామని మొదలుపెట్టిన పరీక్షే గుట్టు బయటపెట్టింది.

ఇప్పుడు మా వంటింటికి రండి. రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్ళలో సీసం ఎక్కువ దిగుతుంది. పొద్దున్నే మొదట వచ్చేవి ఆ నీళ్ళే. కాచితే క్రిములు చస్తాయి గానీ సీసం ఎక్కడికీ పోదు, పైగా ఆవిరైన కొద్దీ కాస్త చిక్కబడుతుంది. అందరికంటే ముందు లేచి, మొదటి నీళ్ళు పట్టి, బాగా మరగకాచి మనవడికి పాలు కలిపిన అమ్మ తప్పేమీ లేదు. మన ఊళ్ళలో నీళ్ళు రోజుకో గంట వస్తాయి, మిగతా సమయంలో ఖాళీ గొట్టాల్లోకి మురుగు చేరుతుంది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో అలా కలుషితమైన నీళ్ళు తాగే మనుషులు చనిపోయారు. అక్కడ అమ్మ పద్ధతే సరైంది. ఇక్కడ శత్రువు వేరు, ఆ సంగతి ఎవరూ మాకు చెప్పలేదు. మా ఇంటాయనకి వచ్చిన ఉత్తరం ఆయన డ్రాయర్లోనే ఉండిపోయింది. మేం అడిగాక తీసి చూపించాడు.

వార్త వచ్చిన వారంలో పిల్లాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. రక్తంలో సీసం డెసిలీటరుకి 4 మైక్రోగ్రాములు. "పది లోపుంటే నార్మల్, హాయిగా ఉండండి" అంది డాక్టరమ్మ. హాయిగానే ఉన్నాం. అమ్మకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

2004 వసంతంలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా ఇంచుమించు అలాగే చెప్పింది. 300 పీపీబీ దాటిన ఇళ్ళలో ఉన్న 201 మందికి రక్తపరీక్ష చేశాం, ఎవరికీ హద్దు దాటలేదు అని. ఆ మాట చాలా నగరాల వాళ్ళకి ధైర్యమిచ్చింది. వర్జీనియా టెక్ ప్రొఫెసరు మార్క్ ఎడ్వర్డ్స్‌కి మాత్రం నమ్మకం కలగలేదు. పరీక్ష చేసేనాటికి ఆ 201 మందిలో చాలామంది కొళాయి నీళ్ళు మానేసి ఉన్నారు. 2003 నాటి పిల్లల రక్తపరీక్షల ఫలితాలు వేలకొద్దీ లెక్కలోకే రాలేదు. సొంత డబ్బు పెట్టుకుని, ఏళ్ళ తరబడి కాగితాల కోసం తిరిగి, పిల్లల ఆసుపత్రి లెక్కలు సంపాదించి 2009లో ఆయన బృందం వ్యాసం ప్రచురించింది. 2001-2003 మధ్య డీసీలో ఏడాది వయసు పిల్లల్లో సీసం ఎక్కువైన కేసులు 2000తో పోలిస్తే నాలుగు రెట్లకి పైగా పెరిగాయి. 2010లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపి సీడీసీని తప్పుపట్టింది.

విరుగుడు మాత్రం చాలా తేలిక. 2004 ఆగస్టు నుంచి నీళ్ళలో ఆర్థోఫాస్ఫేట్ కలిపారు. గొట్టం గోడకి కొత్త పొర పట్టింది, మరుసటి ఏడాదికి అంకె 15 లోపుకి దిగింది. గొట్టాలు మార్చిన కథ ఇంకోటి. వీధి వైపు సగం వాసా మార్చింది, ఇంటి వైపు సగం ఇంటాయన ఖర్చు. ఎక్కువమంది పెట్టలేదు. అలా సగంసగం మార్చిన పద్నాలుగు వేల పైచిలుకు ఇళ్ళలో పిల్లలకి ప్రమాదం తగ్గలేదని తరవాత సీడీసీయే చెప్పింది. కోసినచోట, కదిపినచోట పొర ఊడి సీసం ఇంకా రాలిందిట.

ఇంత జరిగాక ఇంకెక్కడా జరగదనుకుంటాం. 2014 ఏప్రిల్లో మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్ నగరం డబ్బు ఆదా అవుతుందని ఊరి నది నీళ్ళకి మారింది. ఆ పొర నిలబెట్టే మందు కలపనే లేదు. అదే అక్టోబరులో అక్కడి జనరల్ మోటార్స్ ఇంజన్ల ఫ్యాక్టరీ ఈ నీళ్ళకి లోహం తుప్పు పడుతోందని వేరే నీళ్ళు తెచ్చుకుంది. మనుషులు మరో ఏడాది అవే తాగారు. 2015లో అధికారులు 71 నమూనాలు తీసి, బాగా ఎక్కువ వచ్చిన రెండిటిని ఏవో కారణాలు చెప్పి పక్కన పెట్టారు. ఆ రెండూ ఉంటే అంకె 15 దాటేది, తీసేస్తే 11. పాస్! అక్కడా ఎడ్వర్డ్స్ బృందమే ఇంటింటికీ 300 సీసాలు పంపి నిజం తేల్చింది. మోనా హన్నా అట్టీషా అనే పిల్లల డాక్టరు తన ఆసుపత్రి రక్తపరీక్షలు తీసి, సీసం ఎక్కువున్న పిల్లల శాతం రెట్టింపయిందని 2015 సెప్టెంబరులో విలేకరుల ముందు పెట్టింది. మొదట ఆవిడదే తప్పన్నారు. నెల తిరక్కుండానే నీళ్ళు మార్చారు.

ఇన్నాళ్ళ ఉద్యోగంలో నేనూ చూశాను, టెస్టు ఫెయిలైతే కోడ్ బదులు టెస్టుని సరిచేసేవాళ్ళని. గడువు దగ్గర పడినప్పుడు నేనూ ఒకటి రెండు సార్లు చేశాను. నా విషయంలో మహా అయితే ఎవరికో ఒక రిపోర్టు తప్పుగా వచ్చి ఉంటుంది.

చివరగా ఆ 4 సంగతి. 2012లో సీడీసీ పది అన్న హద్దుని 5కి తగ్గించింది. 2021లో 3.5కి. అంటే 2004లో "నార్మల్" అయిన మా వాడు ఈనాటి లెక్కలో హద్దు దాటినట్టే. వాడికిప్పుడు ఇరవై దాటాయి, ఇంజనీరింగ్ చదివాడు, వాడికేం తక్కువ లేదు. ఆ సీసం లేకపోతే ఇంకెలా ఉండేవాడో చెప్పగలిగే పరీక్ష మాత్రం ఏదీ లేదు. అందుకే ఇప్పుడు ఎవరైనా కొత్త జంట పాత ఇంట్లోకి అద్దెకి దిగుతున్నాం అంటే గొట్టం దేనితో వేశారో అడగమంటాను. తాగేముందు కొళాయి కాసేపు వదలమని, సీసం పట్టే ఫిల్టరు పెట్టుకోమని చెప్తాను. చాదస్తం అని నవ్వుతారు.

మా అమ్మ ఇప్పటికీ పొద్దున్నే అయిదింటికి లేచి నీళ్ళు కాస్తుంది. ఆవిడకి నేనింకా చెప్పలేదు.