పెద్దరోగము – పెండ్లిపీటలు: మన జిల్లాలోని ఆనందవనము

మనవారు దీనిని పెద్దరోగ మనిరి. మరాఠీలు మహారోగ మనిరి. భాషలు వేరైనను భయ మొక్కటియే. కుష్ఠు ముదిమియందే వచ్చునని పలువురు తలంతురు గాని, బాల్యయౌవనములందును సోకుట కలదు. అట్లు సోకినపుడు చదువు, చెలిమి, పెండ్లిమాట మూడును ఒక్కనాడే నిలిచిపోయెడివి.

సుమారు 1975లో, నేను బడిలో చదువుకొను దినములలో, మా కోఠారిలో ఒక తెలుగింట పదునారేండ్ల పిల్ల యుండెను. మేనబావతో మాట నిశ్చయమైనది. ఇంతలో ఆమె ముంజేతిపై పాలిపోయిన మచ్చ పుట్టెను. పొయ్యి సెగ తగిలినను ఆ చోట తెలియకుండెను. నాటినుండి ఆమెకు పెరటికొట్టే యిల్లు. కంచము వేరు, చెంబు వేరు. ఆవంక పోవలదని మా అమ్మ చెప్పగా నేను పోలేదు. మేనబావ మాత్రము సాయంకాలములందు దడి యవతల నిలిచి, మాటలాడి పోవుచుండెను.

ఇట్టి వెలి మన యూరిలోనే పుట్టినది కాదు. దిక్కులేని కుష్ఠురోగులను పట్టి ఆశ్రమములందుంచుటకు ఆంగ్ల ప్రభుత్వము 1898లో శాసనమే చేసెను. పెక్కు ఆశ్రమములలో స్త్రీపురుషులను వేరువేరుగా నుంచెడివారు. వ్యాధి శరీరమును బాధించిన, ఒంటరితనము మనస్సును తినివేసెడిది.

కోఠారినుండి బల్లార్షా, చంద్రపురముల మీదుగా నాగపురము పోవు త్రోవలో వరోరా కలదు. అచ్చట న్యాయవాదియైన మురళీధర దేవీదాస ఆమ్టే, అనగా బాబా ఆమ్టే (1914–2008), ఒక వర్షపు రాత్రి తులసీరామను కుష్ఠురోగిని చూచి, భయపడి పారిపోయెను. ఆ భయమే తన్ను సిగ్గుపరుపగా తిరిగివచ్చి అతనికి సేవచేసెను. 1949లో కలకత్తాకు పోయి ఈ వ్యాధి చికిత్స నభ్యసించెను.

ఆయన దాంపత్యము సైతము చెప్పదగినదే. నాగపురమున ఒక పెండ్లియింట, సందడిని విడిచి ముసలి పనికత్తెకు సాయపడుచున్న ఇందు ఘులేశాస్త్రియను కన్యను చూచి ఆయన వరించెను. 1946లో వివాహమయ్యెను. ఆమెయే సాధనాతాయి. ఆచారవంతుల యింట పెరిగిన ఆమె, పసిబిడ్డలతో రాతినేలపై కాపురము పెట్టుట సామాన్యమా!

1951లో ఆరుగురు రోగులతోను, ఒక కుంటి ఆవుతోను, చేత 14 రూపాయలతోను ఆనందవన మారంభమయ్యెను. వినోబా భావే దానిని ప్రారంభించిరి. రోగులే నూతులు త్రవ్విరి, కూరగాయలు పండించిరి. వరోరా జనులు మొదట వానిని కొనరైరి. అయినను 1964లో ఆ రోగుల శ్రమతోనే పట్టణపు పిల్లలకు కళాశాల వెలసెను. వెలివేసినవారి బిడ్డలకు వెలివడినవారు చదువు పెట్టిరన్నమాట.

ఇంకొక గొప్ప విషయము: ఆనందవనమున రోగముడిగిన యువతీయువకులకు పెండ్లిండ్లు చేయ మొదలిడిరి. ఔషధము దేహమును బాగుచేయును. 'నన్నును కోరువా రొకరున్నారు' అను ధైర్యము మాత్రము ఏ మాత్రలోను లేదు.

నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే దీని క్రిమిని కనుగొనెను. ఇది పూర్వజన్మ పాపము కాదని నాడే తేలినది. ప్రపంచారోగ్యసంస్థ సూచించిన బహుళౌషధ చికిత్సచే ఆరు నెలలలోనో, పండ్రెండు నెలలలోనో వ్యాధి కుదురుచున్నది, మందు ఉచితము. చికిత్స మొదలిడిన కొలది కాలములోనే రోగివలన ఇతరులకు సోకదు. శాసనములు మారుటకు మాత్రము మిక్కిలి కాలము పట్టెను. 1898 శాసనము 2016లో రద్దయ్యెను. కుష్ఠును కారణముగా జూపి విడాకులు కోరు వీలు 2019లో తొలగెను.

ఆ పిల్ల సంగతి చెప్పి ముగించెదను. ఆమె మేనమామయే ఆమెను ఆనందవనమునకు తోడ్కొనిపోయెను. ఏండ్ల తరబడి డాప్సోన్ మాత్రలు మ్రింగి ఆమె స్వస్థురాలయ్యెను. మేనబావ వేరు సంబంధముల నన్నిటిని కాదని, తానే వరోరాకు పోయి ఆమె మెడలో తాళి కట్టెను. కోఠారినుండి ఆ పెండ్లికి పోయినవారు ముగ్గురే. అందు నేను లేను.

నలువది యేండ్లు దస్త్రములు వ్రాసితిని. ఈ లెక్క మాత్రము నాకు నేటికిని సరిపడలేదు. కావున మన సంఘ కుటుంబములవారికి నా మనవి: పిల్లల మేన స్పర్శలేని మచ్చ కనబడినచో దాచక, సమీప ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొనిపొండు. పెరటికొట్టుకు మాత్రము పంపకుడు.