గీత, విరుపు, గంటు: రంగుగాజు చేతి పనిముట్ల చరిత్ర – మెదక్ నుంచి సైబరాబాద్ దాకా

వ్యాససంగ్రహం: రంగుగాజు కిటికీల తయారీలో గాజును విరిచి, అంచు దిద్దే చేతి పనిముట్ల పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఐరోపా మధ్యయుగాల నాటి ఒక పనిముట్టు నేటి గ్లాస్ కట్టర్‌లో ఏ రూపంలో మిగిలి ఉందో మెదక్ కెథడ్రల్ కిటికీలు, హైటెక్ సిటీ పరిసరాల అద్దాల పని ఆధారంగా చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: రంగుగాజు, గంటు ఇనుము, గ్లాస్ కట్టర్, మెదక్ కెథడ్రల్, హైటెక్ సిటీ, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తరువాత మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి ప్రాంతాల్లో రాతిగుట్టలు పోయి గాజుగోడలు లేచాయి. ఈ మార్పును ఉద్యోగాల కోణంలోనో, భూముల ధరల కోణంలోనో చర్చించినంతగా, గాజును కోసే చేతి కోణంలో మనం చర్చించలేదు.

ముందుగా మాట సంగతి. తెలుగులో 'గాజు' అంటే పదార్థమూ, ముంజేతి ఆభరణమూ కూడా. సంస్కృత 'కాచ' శబ్దంతో దీనికి సంబంధం ఉంది. ఒకే మాట రెండింటికీ నిలవడాన్ని బట్టి మన వాడుకలో గాజు ప్రధానంగా వేడికి మెత్తబడి వంగే వస్తువని నేను భావిస్తున్నాను. పలకగా చేసి, చల్లారిన తరువాత కోసే గాజును మనం 'అద్దం' అంటాం. ఆ 'కోయడం' కూడా ఉపచారమే. గాజు కత్తికి తెగదు. పైన సన్నని గీత పెట్టి వంచితే బలమంతా ఆ గీత దగ్గర చేరి, పగులు దాని వెంట సాగుతుంది. గీత, విరుపు, ఆపై అంచు దిద్దుడు – పని ఇంతే. పనిముట్లు మారాయి గాని ఈ క్రమం మారలేదు.

2. కాలిన కడ్డీ, గంటు ఇనుము

థియోఫిలస్ అనే పేరుతో 12వ శతాబ్ది తొలి భాగంలో ఒక క్రైస్తవ సన్యాసి లాటిన్‌లో రాసిన 'డి డైవర్సిస్ ఆర్టిబుస్' గ్రంథంలో రెండో భాగం గాజుపనికి సంబంధించినది. చెక్కబల్ల మీద సుద్దపొడి, నీళ్ళు చల్లి రుద్ది, దాని మీద కిటికీ బొమ్మను గీయాలి. గాజుపలకను ఆ బొమ్మ మీద పెట్టి, కింద కనిపించే రేఖను సుద్దతో పైకి దింపుకోవాలి. తరువాత ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీ మొనను అంచుకు ఆనిస్తే పగులు మొదలవుతుంది. గాజు మొండిగా ఉంటే ఆ చోట వేలితో ఉమ్మి తడి అద్దమంటాడు గ్రంథకర్త. పగులు పుట్టాక కడ్డీని రేఖ వెంట నడిపితే పగులు కడ్డీ వెంట వస్తుంది. చెమ్మ తగిలిన వేడిగాజు చిట్లుతుందన్న సంగతి మన వంటింట్లో అందరికీ తెలిసిందే. ఆయన దానిని అదుపులో పెట్టి పనికి వాడుకున్నాడు.

ఇలా విరిచిన ముక్క సుమారుగానే ఆకారానికి వస్తుంది. మిగిలిన పని రెండు కొసలూ వంపు తిరిగిన, అరచేయంత పొడవైన ఇనుముది. ఆంగ్లంలో దీనిని గ్రోజింగ్ ఐరన్ అంటారు. తెలుగులో స్థిరపడిన పేరు లేనందున 'గంటు ఇనుము' అని వ్యవహరిస్తున్నాను. గాజు అంచును దాని గంటులో ఇరికించి మెలిపెడితే రవ్వలు రవ్వలుగా రాలుతుంది. ఆ అంచు ఎలుక కొరికినట్టు ఉంటుంది. పాత కిటికీలను బాగుచేసే నిపుణులు ఏ ముక్క మధ్యయుగాల నాటిదో గుర్తించడానికి ఈ కొరుకుడు ఆనవాళ్ళను కూడా చూస్తారు.

తరువాతి కాలంలో కాలిన కడ్డీ స్థానాన్ని వజ్రపు మొన ఆక్రమించింది. 1869లో అమెరికాలోని కనెక్టికట్‌కు చెందిన శామ్యూల్ మాన్స్ ఉక్కు చక్రం గల కట్టర్‌కు పేటెంట్ పొందాడు. వజ్రం కొనలేని పనివాడికి కూడా అది అందుబాటులోకి వచ్చింది.

3. మెదక్: కిటికీలు వచ్చాయి, పనిముట్లు రాలేదు

హైదరాబాద్‌కు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని మెదక్ కెథడ్రల్‌ను చార్లెస్ వాకర్ పాస్నెట్ నిర్మింపజేశారు. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠితమైంది. అందులోని మూడు రంగుగాజు కిటికీలు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి: క్రీస్తు ఆరోహణం (1927), జననం (1947), సిలువ (1958). మొదటి రెండూ నిజాం పాలనలో, మూడోది ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వచ్చాయి. సాలిస్‌బరీ రాజకుటుంబ చిత్రాలతో పేరు పొందినా, కుర్రతనంలో సెయింట్ ఆల్బన్స్‌లోని తన అన్న రంగుగాజు కార్ఖానాలో పని నేర్చుకున్నవాడు.

ఈ కిటికీల్లో ముక్కకూ ముక్కకూ నడుమ సీసపు పట్టీ ఉంటుంది. (లోహమైన 'సీసం' సంస్కృతం నుంచి, గాజు 'సీసా' పారశీకం నుంచి వచ్చాయి. పోలిక శబ్దంలో మాత్రమే.) పట్టీ గాడిని తెరిచే చెక్క లేదా ఎముక పుల్ల, పట్టీని కోసే కత్తి, ముక్కలను బల్ల మీద కదలకుండా పట్టే గుర్రపు లాడం మేకులు – ఇవి ఈ విద్యకు సంప్రదాయ పరికరాలు. గోడలకు రాయి చెక్కిన ఉలి ఇక్కడిది. గాజు పరికరాలు మాత్రం సముద్రం అవతలే ఉండిపోయాయి. మెదక్‌కు చేరింది పూర్తయిన వస్తువు, విద్య కాదు. మూడు దశాబ్దాల వ్యవధిలో మూడుసార్లూ అలాగే జరగడం గమనించదగింది. మిషనరీ కళాచరిత్ర రచనలు కిటికీల అందాన్ని వర్ణించి, ఈ ప్రశ్న దగ్గర ఆగవు.

4. కట్టర్ తల మీది మూడు గంట్లు

అయితే గంటు ఇనుము ఈ నేలకు పూర్తిగా రాలేదనడం సరికాదు. మాదాపూర్, కొండాపూర్ సందుల్లో ఫొటోఫ్రేములు, అల్మరా అద్దాలు అమర్చే దుకాణాల్లోని మామూలు గ్లాస్ కట్టర్‌ను పరిశీలించండి. కొసన చిన్న ఉక్కుచక్రం, దాని వెనుక వేర్వేరు వెడల్పుల్లో మూడు గంట్లు. విరిచాక అంచున మిగిలిన సన్నని పేలికను తుంచడానికి అవి. మధ్యయుగాల గంటు ఇనుము చేసిన పనే ఇది. చక్రాన్ని కిరసనాయిలులో ముంచి, బద్ద ఆసరాతో ఒకే ఒత్తిడితో గీత పెట్టి, బల్ల అంచున విరిచే పనివాడు రంగుగాజు శిల్పి చేసే పనిలో మొదటి రెండు దశలనూ చేస్తున్నాడు. తేడా అంతా మూడో దశలోనే ఉంది. అతనికి కావలసింది నిలువు, అడ్డం గీతలు. వంపులు తక్కువ కాబట్టి గంట్లకు పని తక్కువ.

పక్కనే లేచిన గాజుగోడల్లో ఈ చేతికి చోటు లేదు. వాటికి వాడే టఫెండ్ గాజును 600 డిగ్రీల సెల్సియస్ దాటి వేడిచేసి, గాలితో చప్పున చల్లారుస్తారు. పైపొర నొక్కుడులో, లోపలి పొర లాగుడులో ఉండిపోతాయి. ఆ తరువాత దాని మీద గీత పెట్టి విరవబోతే పగులు గీత వెంట సాగదు, పలకంతా గింజలుగా రాలిపోతుంది. అందుచేత కొలత, కోత, రంధ్రం అన్నీ కొలిమికి ముందే ఫ్యాక్టరీలో ముగియాలి. గాజు ఇంతగా పెరిగిన చోటనే గాజుపని చేతికి దూరమైంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయం (1962), చేనేత (1971) సంపుటాలతో మాండలిక వృత్తిపదకోశం వెలువడింది. ఆ పద్ధతిలో నగరపు అద్దాల పనివారి మాటలను కూడా సేకరించవలసి ఉంది. ఉర్దూ, హిందీ, తెలుగు కలిసిన వారి వాడుకలో గీతకు ఏ పేరు, విరుపుకు ఏ పేరు, కట్టర్ మీది ఆ మూడు గంట్లకు అసలు పేరుందా, వాటిని ఎవరైనా ఇప్పటికీ వాడుతున్నారా అన్నవి పరిశోధకులు ఆ దుకాణాల గడపల దగ్గర అడగవలసిన ప్రశ్నలు.