ముక్కు కింది పలక

మా టెక్సస్‌లో వారాంతం వస్తే సొంత స్పోర్ట్స్ కారును రేస్ ట్రాక్ మీదికి తోలుకెళ్ళే వాళ్ళు చాలామందే ఉన్నారు. కొన్ని కార్లకు ముందు బంపర్ కింద, నేలకు కొద్ది అంగుళాల ఎత్తులో పలకలాంటిది పొడుచుకొచ్చి ఉంటుంది. స్ప్లిట్టర్ అంటారు. ఎదురొచ్చే గాలి దాని పైన నిలిచి ఒత్తుతుంది. కిందినుంచి జారిపోయే గాలిలో ఒత్తిడి తగ్గుతుంది. ఆ తేడాయే ముందు చక్రాలను నేలకు అదుముతుంది. చూసినవాళ్ళందరూ అది కార్బన్ ఫైబరా, ప్లైవుడ్డా అని అడుగుతారు. నన్నడిగితే ముందు తెలుసుకోవాల్సింది అది దేనికి బిగించి ఉందో.

ఈ కథలో మంచి భాగం ఇక్కడే, పశ్చిమ టెక్సస్ చమురు ఊరు మిడ్‌లాండ్‌లో జరిగింది. జిమ్ హాల్ చమురు కుటుంబం వాడు, కాల్‌టెక్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. హాప్ షార్ప్‌తో కలిసి చాపరల్ అనే రేసు కార్లు కట్టాడు. పరీక్షించుకోవడానికి సొంత ట్రాక్ కూడా ఉండేది. దాని పేరు ర్యాటిల్‌స్నేక్ రేస్‌వే (ఆ ఎడారిలో ఆ పేరు పెట్టడానికి పెద్ద ఊహాశక్తి అక్కర్లేదు). 1963లో చాపరల్ 2 నున్నటి ముక్కుతో తయారైంది. చూడ్డానికి అందంగానే ఉంది కానీ, వేగం పెరిగేకొద్దీ ముక్కు పైకి లేచేది, ముందు చక్రాల పట్టు పోయేది. స్టీరింగ్ తిప్పితే కారు వినకపోవడమన్నమాట. హాల్ ముక్కు కింద మంచు తోసే బండికుండే లాంటి పలక పెట్టించాడు. కారు మాట విన్నది. 1965లో అదే కారు మీద హాల్, షార్ప్ సెబ్రింగ్ 12 గంటల రేసు గెలిచారు.

1966లో వచ్చిన చాపరల్ 2ఇకి వెనక ఎత్తైన రెక్క. దాని కాళ్ళను ఆయన కారు ఒంటికి కాకుండా నేరుగా చక్రాల హబ్బుల దగ్గర దించాడు. గాలి బలం స్ప్రింగులను అణచకుండా తిన్నగా టైర్లకు చేరింది. ఆ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 100 కిలోమీటర్ల వేగంలో ఉన్నది 200 దగ్గర నాలుగు రెట్లవుతుంది.

రెక్కను అందరూ కాపీ కొట్టారు. 1969 మే 4న బార్సిలోనా మోంజుయిక్‌లో గ్రాహం హిల్, యోహెన్ రింట్ నడిపిన రెండు లోటస్ కార్ల వెనక రెక్కలు ఒకే రేసులో, ఇంచుమించు ఒకేచోట కూలాయి. బలం వెళ్ళే దారి సరైనదే, దాన్ని మోసే నిర్మాణానికే సత్తువ చాల్లేదు. హిల్ బతికి బయటపడ్డాడు, రింట్ ముఖం పగిలింది. రెండు వారాలకే మొనాకోలో ఎత్తు రెక్కలను నిషేధించారు.

మళ్ళీ మన పలక దగ్గరికి వస్తే, చాలామంది దాన్ని రెండు సన్నటి కడ్డీలతో బంపర్‌కు వేలాడదీస్తారు. బంపర్ ప్లాస్టిక్ తొడుగు, క్లిప్పులతో నిలబడుతుంది. ట్రాక్ మీద పలక కిందికి లాగితే బంపరే ఊడొస్తుంది. కడ్డీలు తొడుగు వెనకుండే ఇనప దూలానికి చేరాలి, పలక వెనక అంచు ఛాసీకి బోల్టులతో బిగియాలి. ఇంకో చిక్కు, మలుపులో చక్రం కర్బ్ ఎక్కినప్పుడు దెబ్బ కిందినుంచి పైకి వస్తుంది. సన్నటి కడ్డీ లాగుడుకు ఆగుతుంది గానీ తోపుడుకు వంగుతుంది. అప్పుడు వెనక బోల్టులే దిక్కు. కర్బ్ తగిలాక పిట్‌లోకి వచ్చి, కింద పడుకుని చూడటం తప్ప వేరే దారి లేదు.

1994 ఏప్రిల్ 30న ఇమోలాలో క్వాలిఫయింగ్ జరుగుతుండగా రోలాండ్ రాట్జెన్‌బర్గర్ కారు ట్రాక్ దాటి కర్బ్ మీదుగా పోయింది. అతను ఆగలేదు. దెబ్బతిన్న ముందు రెక్క తర్వాతి ల్యాప్‌లో, కారు అత్యంత వేగంగా పోయేచోట విరిగింది. స్టీరింగ్ పని చెయ్యలేదు. గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో గోడను కొట్టాడు. వయసు 33. మర్నాడు అక్కడే సెన్నా పోవడంతో లోకం ఇతని పేరు దాదాపు మర్చిపోయింది.

ఆ జూన్‌లో లె మాన్ 24 గంటల రేసులో అతను నడపాల్సిన టయోటా స్పోర్ట్స్ కారును ఎడ్డీ ఇర్విన్ అందుకున్నాడు. ఆ కారు మీద రాట్జెన్‌బర్గర్ పేరు అలాగే ఉంచారు. అది రెండో స్థానంలో వచ్చింది.