వేలి కొసన ఉంగరం

కృష్ణగిరి కొండకు పొద్దెక్కకముందే చేరుకోండి. ఎండ ముదిరితే బండ మీద అరికాలు ఆనదు. మెట్లు కొంతదూరమే, ఆ పైన రాయే దారి, రాయే గోడ. సయ్యద్ బాషా కొండ అని దీనికి మరో పేరు. పైనున్న దర్గాకు వెళ్లేవాళ్లు మీతోపాటే ఆయాసపడుతూ ఎక్కుతుంటారు. 1791 నవంబరులో ఒక రాత్రి ఇంగ్లీషు దండు నిచ్చెనలు మోసుకొచ్చి, టిప్పు సుల్తాను మనుషులు దొర్లించిన బండల కింద నలిగి వెనుదిరిగింది ఈ కొండ దగ్గరే.

పైకి చేరాక తూర్పుకు తిరగండి. హోసూరు మీదుగా దిగివచ్చిన రహదారి కొండ కింద నుంచి సాగి, వాణియంబాడి, ఆంబూరు దాటి వేలూరుకు పోతుంది. ఇక్కడికి కాస్త దూరంలోనే జగదేవి అనే ఊరుంది. సుల్తానుల ముట్టడి నుంచి పెనుకొండను కాపాడినందుకు విజయనగర ప్రభువులు జగదేవరాయుడికి ఈ బారామహల్ సీమ రాసిచ్చారు. ఆయన ముందు కోట కట్టుకుని నిలిచింది అక్కడే. తర్వాత మకాం చన్నపట్టణానికి మారింది (మైసూరు దారిలో ఉన్నదే, మద్రాసు కాదు). మనం చూడబోయే కథలో జగ్గరాయుడు అనే పేరు వస్తుంది. అతను ఈ జగదేవరాయుడు కాడు. పేర్లు దగ్గరగా ఉండడంతో ఇద్దరినీ ఒకరిగా కలిపేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక కొండ దిగి, ఆ తూర్పు దారి పట్టండి. నాలుగు వందల ఏళ్లు వెనక్కి నడవాలి.

ఇప్పుడు మీరు వేలూరు కోటలో ఉన్నారు. 1614 అక్టోబరు. చుట్టూ కందకం, లోపల జలకంఠేశ్వరుడి గుడి, అంతఃపురంలో మంచం పట్టిన వేంకటపతి దేవరాయలు. వయసు 67. తళ్లికోట యుద్ధం తర్వాత కూలిపోయిందనుకున్న విజయనగర రాజ్యాన్ని 1586 నుంచీ నెత్తిన మోస్తున్నాడు. శివుడి కోటలో కూర్చున్నా ఈయన దానపత్రాల చివర చేవ్రాలు ‘శ్రీ వేంకటేశ’. రాజగురువు లక్ష్మీకుమార తాతాచార్యులు. చంద్రగిరి కొలువులో జెస్యూట్ పాదిరీలకు కూడా చోటిచ్చి, పండితులతో వాళ్లు వాదిస్తుంటే విన్న మనిషి. ఇన్ని మతాల మాటలు విన్నవాడు, తన తర్వాత ఎవరన్న మాట దగ్గర మాత్రం పద్నాలుగేళ్లకు పైగా నోరు విప్పలేదు.

ఇప్పుడు విప్పుతున్నాడు. స్తంభం పక్కన నిలబడి చూడండి.

మంచం చుట్టూ కొందరు సామంతులు. ముందు నిలుచున్నది అన్న కొడుకు శ్రీరంగడు. రాజు కుడిచెయ్యి చాపాడు. ఆ చేతికి రాజముద్ర ఉంగరం ఉంది, తీసుకోమని. శ్రీరంగడు బావురుమన్నాడు. నాకు రాజ్యం వద్దు, మీకు నచ్చినవారికి ఇచ్చుకోండంటూ ముసలాయన కాళ్ల మీద పడ్డాడు. రాజు సైగ చేస్తే పక్కవాళ్లు లేవనెత్తి కుడివైపున నిలబెట్టారు. మళ్లీ చెయ్యి చాపాడు. ఈసారి శ్రీరంగడు రెండు చేతులూ తల మీదికెత్తి క్షమించమన్నాడు. అప్పుడు రాజే ఉంగరం ఊడదీసి, వేలి కొసన తగిలించి పట్టుకున్నాడు. తీసుకో తీసుకో అని నాయకులు గొణుగుతున్నారు. శ్రీరంగడు తీసుకుని, ముందు నెత్తిన పెట్టుకుని, తర్వాత వేలికి తొడుక్కున్నాడు, ఏడుస్తూనే. ఆ వెనుకే రాజవస్త్రం, చెవి వజ్రం, కుండలాలు, ముత్యాలు. వజ్రం ఒక్కటే 5 లక్షల క్రుజాదోల (పోర్చుగీసు నాణేలు) పైమాటని బర్రదాస్ అనే పోర్చుగీసు పాదిరి లెక్క కట్టాడు. ఈ కథ మనకు దక్కింది ఆయన 1616 డిసెంబరులో కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరం వల్లే. పరాయి మనిషి, అందులోనూ విన్నమాట రాసినవాడు. వజ్రాల ఖరీదు దగ్గర ఆయన్ని కాస్త తగ్గించే నమ్మండి. ఆ ఏడుపును మాత్రం నేను నమ్ముతాను.

ఎందుకంటే గదిలో లేనివాడు ఒకడున్నాడు. వాడి గురించి అందరికీ తెలుసు.

రాజుకు రాణులు చాలామందే, బిడ్డలు లేరు. గొబ్బూరి వారి ఆడపడుచు బాయమ్మ ఒక బ్రాహ్మణ స్త్రీ గర్భవతి అని తెలిసి, తానూ గర్భవతినని చాటించుకుంది. నెలలు నిండాక ఆ బిడ్డ ఈమె ఒడిలోకి వచ్చింది. రాజుకు సంగతి తెలుసు. రాణి మీద మమకారం అడ్డొచ్చింది. పండగ చేయించాడు, యువరాజుకిచ్చే చిక్కరాయడనే బిరుదు కూడా ఇచ్చాడు. ఆపైన పిల్లవాణ్ణి చంద్రగిరి నగరులోనే ఉంచాడు. రాణి వెంట తప్ప గడప దాటనివ్వలేదు. పద్నాలుగో ఏట మాత్రం తన మేనకోడలినిచ్చి పెళ్లి చేశాడు. ఆ పిల్ల గొబ్బూరి ఓబరాయడి కూతురు. కొడుకని ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?

గది బయట, చావడిలో ఇదే తర్కం. గుసగుసల్లో మీరు వినగలిగేది ఇలా ఉండి ఉంటుంది. ఒక పక్షం అంటుంది: బిడ్డ తనదేనని లోకం ముందు చాటిన తండ్రి మాటను కాదనడానికి మనమెవరం? పుట్టినరోజు పండగకు వచ్చి కానుకలు పుచ్చుకున్నవాళ్లే ఇప్పుడు పుట్టుక అడుగుతారా? మనువు చెప్పిన పన్నెండు రకాల కొడుకుల్లో అందరూ కడుపున పుట్టినవాళ్లేనా? రెండో పక్షం దగ్గరా శాస్త్రం ఉంది. కలియుగంలో ఔరసుడు, దత్తుడు తప్ప మిగతా కొడుకులు చెల్లరు. దత్తత అన్నారా, కన్నవాళ్లు నలుగురి ముందు బిడ్డను ధారపోయాలి, హోమం జరగాలి, సాటి వర్ణం కావాలి. దొంగచాటుగా తెచ్చిన బ్రాహ్మణ బిడ్డ చంద్రవంశపు ఆరవీటి సింహాసనం మీద ఎలా కూర్చుంటాడు?

వినడానికి బాగానే ఉంది. అయితే ఈ రెండో పక్షం వాళ్లను 1586 గురించి అడిగి చూడండి. అన్న శ్రీరంగరాయలు పిల్లలు లేకుండా పోయినప్పుడు, శ్రీరంగపట్నం ఏలిన నడిమి అన్న రాముడికి కొడుకులున్నారు. వాళ్లను పక్కనపెట్టి సామంతులు ఎన్నుకున్నది ఈ వేంకటపతినే. ఇప్పుడు ఉంగరం అందుకున్న శ్రీరంగడు ఆ రాముడి కొడుకే, అదీ చిన్నవాడు. పెద్దవాడు తిరుమల 1610లో శ్రీరంగపట్నాన్ని మైసూరు రాజ ఒడెయరుకు పోగొట్టుకుని తెరమరుగయ్యాడు. వంశక్రమమే ధర్మమైతే మంచం మీది ముసలాయనే రాజు కావాల్సింది కాదు.

నన్నడిగితే ఇందులో తప్పు, ఆ పిల్లవాడి కోసం కత్తి దూసిన రాణి పుట్టింటి జగ్గరాయుడి కన్నా వేంకటపతిదే ఎక్కువ. ఆ పసివాడు కొడుకు కాడని మొదటి రోజే అనవచ్చు. లేదా తగిన బిడ్డను సభలో దత్తత చేసుకుని ఉండవచ్చు. రెండూ చేయలేదు. గొబ్బూరి వారి దండు కావాలి, రాణి ముఖం చిన్నబోకూడదు. అబద్ధాన్ని పెంచి పెళ్లి చేసి, చావుకు మూడు రోజుల ముందు నిజం గుర్తుచేసుకున్నాడు.

మూడో రోజున పోయాడు. తోటలోనే గంధపు చెక్కలతో చితి పేర్చారు. ముగ్గురు రాణులు ఒంటి మీది నగలు పంచిపెట్టి ఆ మంటలో దూకారు.

శ్రీరంగడు పట్టమెక్కాడు. అందరూ వచ్చి దండం పెట్టారు, ముగ్గురు తప్ప. 20,000 మందిని దింపగల గొబ్బూరి జగ్గరాయుడు, 12,000 మందితో తిమ్మానాయకుడు, 6,000 మందితో మాకరాయుడు. ఇలాంటప్పుడు కొత్తరాజు మిగిలినవాళ్లనైనా చేతిలో పెట్టుకోవాలి. ఈయన దళవాయిని మూడు కోటలు వదలమన్నాడు, తన కొడుకులకు ఇవ్వడానికి. మంత్రిని నువ్వు దొంగిలించిన లక్ష కక్కమన్నాడు. నర్పరాయుణ్ణి చెల్లెలి నగలు తెమ్మన్నాడు. రెండు రోజుల్లో తెస్తామన్నారు ముగ్గురూ. తెచ్చింది జగ్గరాయుడి బలగాన్ని. రాజు, రాణి, పిల్లలు చెరలో పడ్డారు. చంద్రగిరి పిల్లవాడికి కిరీటం పెట్టారు. వంగి దండం పెట్టనన్నవాడు ఒక్కడే, వెలుగోటి యాచమనాయుడు.

కోట గుమ్మం దగ్గర నిలబడండి. మాసిన బట్టల మూటతో చాకలి బయటికి వస్తున్నాడు. కావలివాళ్లకు రోజూ చూసే మూటే. దానిలో ముడుచుకుని ఉన్నది పన్నెండేళ్ల పిల్లవాడు, రాజు రెండో కొడుకు రామదేవుడు. దళవాయిలకు, మంత్రులకు, నాయకులకు చేతకానిది ఆ చాకలి చేశాడు. అతని పేరు మాత్రం ఎవరూ రాయలేదు. వజ్రం ఎన్ని క్రుజాదోలో రాశారు.

యాచమనాయుడు సొరంగం తవ్వించి రాజును కూడా తప్పించబోయాడు, అది బయటపడింది. ఇక బతకనిస్తే లాభం లేదనుకున్నాడు జగ్గరాయుడు. తమ్ముడు చిన ఓబరాయణ్ణి పంపాడు: నీ చేత్తో నువ్వు చావు, లేదా మా చేతుల్లో చావు. లోపలికి నేను మిమ్మల్ని తీసుకువెళ్లను. రాణి, పిల్లలు, చివరికి రాజు, అందరూ ఆ గదిలోనే ముగిశారు.

తర్వాత రెండేళ్లు దక్షిణదేశమంతా రెండు ముక్కలు. మధుర, జింజి నాయకులు జగ్గరాయుడి వైపు. తంజావూరు రఘునాథనాయకుడు యాచముడి వైపు. తోపూరు దగ్గర జగ్గరాయుడు చచ్చాడు. కృష్ణగిరి నుంచి సేలం పోతుంటే ధర్మపురి దాటాక లారీలు బోల్తాపడే తొప్పూరు ఘాటు వస్తుంది, యుద్ధం అక్కడేనని చెప్పేవాళ్లు తగులుతారు. ఆ తోపూరు తిరుచ్చి వైపు, కావేరి ఆనకట్ట దగ్గరిది. రామదేవుడు రాజయ్యాడు. తగువు చల్లారడానికి, తన తల్లిదండ్రుల చావుకు కారణమైన జగ్గరాయుడి తమ్ముడు ఎతిరాజు కూతురినే పెళ్లాడాడు. అన్నాళ్లు కాపాడిన యాచముడికి అది మింగుడుపడలేదు. 1632లో రామదేవుడూ వారసుడు లేకుండానే పోయాడు. అదే వంశపు పెద వేంకటపతికి పట్టమంటే, కాదు నాకేనని ఆ వంశంవాడే తిమ్మరాజు వేలూరు ఆక్రమించాడు. మళ్లీ మూడేళ్ల కొట్లాట.

ఈలోగా సరిహద్దును చూసుకునే తీరిక ఎవరికుంది? 1630లో చన్నపట్టణాన్ని మైసూరు మింగింది, జగదేవరాయుడి వంశం కథ ముగిసింది. ఈ సీమ ఆ తర్వాత బీజాపూరు, మైసూరు చేతులు మారి, టిప్పుతో కుదిరిన 1792 సంధిలో ఈస్టిండియా కంపెనీకి పోయింది. హోసూరు 1799 దాకా మైసూరులోనే మిగిలింది. ఆ ఏడు టిప్పు కూలాక శ్రీరంగపట్నంలో గద్దె ఎవరిదో ఈసారి శాస్త్రం అడగకుండా కంపెనీ దొరలే తేల్చారు: ఒడెయరు వంశపు ఐదేళ్ల పిల్లవాడిది. టిప్పు కొడుకులను వేలూరు కోటకు పంపారు. 1806 జూలై 10 తెల్లవారుజామున అక్కడి సిపాయిలు తిరగబడి, మైసూరు జెండా ఎగరేసి, టిప్పు కొడుకు ఫతే హైదర్‌ను రాజని చాటారు. ఆర్కాటు నుంచి గిల్లెస్పీ గుర్రపు దండు వచ్చేసరికి ఆ రాజ్యానికి వయసు కొన్ని గంటలు.