రాత్రిపూట రేడియేటర్ మోత: ఎందుకొస్తుంది? ఏం చెయ్యాలి?

న్యూయార్క్, జెర్సీ సిటీ, చికాగో లాంటి నగరాల్లో పాతకాలపు అపార్ట్‌మెంట్లలో అద్దెకుండే మనవాళ్ళకి చలికాలం రాగానే ఒక కొత్త బాధ మొదలవుతుంది. తెల్లవారుజామున ఎవరో గొట్టాల మీద సుత్తితో కొడుతున్నట్టు ఠంగ్ ఠంగ్‌మని చప్పుడు. పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. పైఅంతస్తు వాళ్ళే చేస్తున్నారనుకుని తగాదాకి వెళ్ళేవారూ ఉన్నారు. నిజానికి ఆ చప్పుడు చేసేది బేస్‌మెంట్‌లోని బాయిలర్ నుంచి అన్ని ఇళ్ళకీ వచ్చే ఆవిరి.

అసలు కారణం

ఇలాంటి చాలా భవనాల్లో రేడియేటర్‌కి ఒకటే గొట్టం ఉంటుంది. ఆవిరి అందులోంచే పైకి వస్తుంది. చల్లబడి నీరైనాక అందులోంచే కిందికి పోవాలి. ఎక్కడైనా ఆ నీరు నిలిచిపోతే, వేగంగా వచ్చే ఆవిరి దాన్ని ఎత్తి గొట్టం మలుపుకేసి కొడుతుంది. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. ఆ ఆవిరి మళ్ళీ చల్లని నీటికి తగిలి ఒక్కసారిగా కుంచించుకుపోయినా అంతే మోత. దీన్నే వాటర్ హ్యామర్ అంటారు. అంటే మోత వస్తోందంటే, నీరు ఉండకూడని చోట ఉందని అర్థం.

మీరు చూడగలిగినవి

1. వాల్వ్: గది మరీ వేడెక్కుతోందని చాలామంది వాల్వ్‌ని సగం తిప్పి వదిలేస్తారు. ఒకే గొట్టం ఉన్న రేడియేటర్‌కి ఇది పనికిరాదు. లోపలికొచ్చే ఆవిరి, సన్నబడిన దారిలో నీటిని బయటికి పోనివ్వదు. పూర్తిగా తెరవండి, లేదా పూర్తిగా మూసెయ్యండి. వేడి తగ్గాలంటే ఎయిర్ వెంట్ దగ్గర థర్మోస్టాటిక్ వాల్వ్ పెట్టించమని అడగవచ్చు.

2. వాలు: రేడియేటర్ వాల్వ్ వైపుకి కొంచెం వాలి ఉండాలి. పాత చెక్కనేల కుంగితే వాలు పోతుంది. స్పిరిట్ లెవెల్ పెట్టి చూస్తే తెలుస్తుంది. రెండో చివర కాళ్ళ కింద చిన్న బిళ్ళలు పెడితే సరిపోతుంది. కానీ రేడియేటర్ చాలా బరువు, గొట్టం కీలు కదిలితే ఆవిరి కారుతుంది. కాబట్టి ఎత్తే పని సూపర్‌కే వదలండి.

3. ఎయిర్ వెంట్: వేడి మొదలయ్యేటప్పుడు కాసేపు బుస్సుమనడం మామూలే, లోపలి గాలి బయటికి పోతోందన్నమాట. ఆవిరి తగలగానే అది మూసుకోవాలి. బుస ఆగకపోయినా, నీళ్ళు చిమ్మినా వెంట్ మార్చాలి. వేడిగా ఉన్నప్పుడు దాన్ని విప్పవద్దు, ఒళ్ళు కాలుతుంది.

బాయిలర్ దగ్గర చూడవలసినవి

మీ ఇంట్లోనే మోత వస్తుంటే తప్పు బహుశా మీ రేడియేటర్‌లో ఉంటుంది. మీ పైనా కిందా ఉన్నవాళ్ళకీ వినిపిస్తుంటే గొట్టాల్లోనో బాయిలర్‌లోనో ఉండవచ్చు. వంగిన గొట్టాలు, ఊడిపోయిన ఇన్సులేషన్, మురికి పట్టిన బాయిలర్ నీరు, ఎక్కువ ప్రెషర్ - ఇవీ మామూలు కారణాలు. మన ప్రెషర్ కుక్కర్ సుమారు 15 పిఎస్ఐ దగ్గర పనిచేస్తుంది. ఇళ్ళకి ఆవిరి పంపే బాయిలర్‌కి సాధారణంగా 2 పిఎస్ఐ లోపే చాలు. ప్రెషర్ పెంచితే వేడి బాగా వస్తుందనుకోవడం పొరపాటు, మోత మాత్రం పెరుగుతుంది.

ఎలా అడగాలి?

"చప్పుడొస్తోంది" అంటే సూపర్ వచ్చేసరికి చప్పుడు ఉండదు. ఒక వారం పాటు తేదీ, టైము, ఏ గది, వేడి మొదలయ్యేటప్పుడా లేక మధ్యలోనా అన్నది రాసిపెట్టండి. ఫోన్‌లో రికార్డు చెయ్యండి. ఇరుగుపొరుగు వాళ్ళతో కలిసి ఓనర్‌కి ఈమెయిల్ పంపండి. నోటిమాట కన్నా రాతకి విలువెక్కువ.

వీసా మీద ఉన్నామని చాలామంది నోరు మెదపరు. రిపేరు అడగడానికీ వీసాకీ సంబంధం లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఇల్లు నివాసయోగ్యంగా ఉంచడం ఓనర్ బాధ్యత అని రియల్ ప్రాపర్టీ లా 235-బి సెక్షన్ చెబుతుంది. ఫిర్యాదు చేశారని కక్షసాధించడాన్ని 223-బి నిషేధిస్తుంది. మోత ఆపడానికి హీటే ఆపేస్తే అది ఇంకో తప్పు. న్యూయార్క్ నగరంలో అక్టోబర్ 1 నుంచి మే 31 వరకు, పగలు 6 నుంచి రాత్రి 10 దాకా బయట 55 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా తగ్గితే లోపల కనీసం 68 ఉండాలి. రాత్రి బయట ఎంతున్నా 62 ఉండాలి. లేకపోతే 311కి ఫోన్ చెయ్యవచ్చు. మిగతా ఊళ్ళలో నియమాలు వేరు, మీ సిటీ హౌసింగ్ ఆఫీసులో కనుక్కోండి. లాయర్ని అడగకుండా అద్దె మాత్రం ఆపవద్దు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. గొట్టాలు సరిచేసే పెద్ద పనులు వేసవిలో, హీట్ అవసరం లేనప్పుడే తేలిక. అందుకని చలి తగ్గగానే మరిచిపోకుండా, వేసవిలో ఏ పని చేయిస్తారో వసంతంలోనే ఓనర్ చేత రాయించుకోండి.