వేంకటపతి దేవరాయలు

వేంకటపతి దేవరాయలు (పాలన 1586–1614) ఆరవీటి వంశపు విజయనగర చక్రవర్తి, తిరుమల దేవరాయల కుమారుడు. 1565లో రాక్షస తంగడి రణమున అళియ రామరాయలు కూలి హంపీ పాడువడిన పిమ్మట, రామరాయల తమ్ముడగు తిరుమలుడు రాజధానిని పెనుకొండకు మార్చెను. 2022 వరకు అనంతపురము జిల్లాలోనిదై, నేడు శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన దుర్గమిది. చంద్రగిరినుండి తమిళసీమను పాలించుచుండిన వేంకటపతి, అన్న శ్రీరంగరాయలు నిస్సంతుగా గతించగా సింహాసన మెక్కెను.

ఆతని దండయాత్రలకు నాంది ముట్టడితోనే జరిగెను. 1589 ప్రాంతమున గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్‌షా పెనుకొండను చుట్టుముట్టగా, రాయలు సంధి మాట లాడి, సుల్తాను సేన కొంత వెనుకకు తగ్గగానే కోటను ధాన్యముతోడను, తన సేనాని జగదేవరాయల బలగముతోడను నింపి, తలుపులు బిగించెను. ఇది కపటమనువారు అనవచ్చును. కొట్లు వట్టివోవుచున్న కోటలోని రాజునకు వేఱు త్రోవ యేది? మరల మొదలైన ముట్టడి సాగుచుండగనే వానకాలము సమీపించెను. కృష్ణ పొంగినచో తమకు తిరుగుదారి మూసుకొనునని వెఱచి సుల్తాను శిబిర మెత్తెను. ఏటికి సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వానకు మించి యెఱుగని యీ మెట్టను, ఇచట కురియని వాన, ఎచ్చటనో పాఱు నదికి రానున్న వరద కాపాడినవి. జగదేవరాయలకు బహుమానముగా చెన్నపట్టణ ప్రాంతము లభించెను.

వెనువెంటనే రాయలు దాడికి దిగి, గండికోటను తిరిగి గైకొని, పెన్న తీరమున గోలకొండ సేనల నోడించి, ఉదయగిరిని రాబట్టెను. ఇట్లు ఉత్తరమున జయించుచునే రాజధానిని మాత్రము దక్షిణమునకు, తొలుత చంద్రగిరికి, వేలూరి లింగమనాయకుని తిరుగుబాటును వెలుగోటి యాచమనాయకుడు అణచిన పిదప 1604 ప్రాంతమున వేలూరికి, జరుపుకొనుట గమనింపదగినది. గెలిచిన రాజు సరిహద్దునకు దూరమగుచుండుటలోనే ఆ గెలుపుల బరువు తెలియుచున్నది. 1610లో మైసూరు పాలకుడు రాజ ఒడెయరు శ్రీరంగపట్టణమును వశపఱచుకొనగా, రెండేండ్లకు రాయలు దానిని శాసనముతో ఒప్పుకొనవలసివచ్చెను. పులికాటున డచ్చివారు వర్తకస్థానము నేర్పఱచుకొనినదియు 1610లోనే.

1614 అక్టోబరులో రాయలు మరణించెను. వారసుడగు రెండవ శ్రీరంగని రాణి బంధువగు గొబ్బూరి జగ్గరాయడు కుటుంబసమేతముగ చంపించగా, యాచమనాయకుడు ఆ హత్యనుండి తప్పిన శ్రీరంగని కుమారుడు, బాలుడగు రామదేవుని పక్షమున నిలిచి పోరాడెను. 1616లో తోపూరు యుద్ధమున జగ్గరాయడు హతుడయ్యెను.